చూసి ఊరుకున్న మొక్క



ఈ మాసం నేను మీతో పంచుకోబోయే సంగతి నాకు మంచిపేరు తెచ్చేది కాదు. ఆ కుటుంబం వారే "రాయండి అయ్యగారూ, ఇంకొకరికి పనికొస్తుంది" అన్నారు గనుక రాస్తున్నాను. వారి పేరు గాని, ఊరి పేరు గాని చెప్పను. పెనుకొండకు దగ్గరలోని ఒక పల్లె అని మాత్రం అనుకోండి.

నేను కాపురముండేది హిందూపురంలో. ఆదివార ఆరాధన అక్కడే. గురువారాలు రైలెక్కి ధర్మవరం వెళ్లి, నేతపనివారి వీధిలో ఒక ఇంట ప్రార్థన కూడిక జరిపిస్తాను. మగ్గాల చప్పుడు ఆగిన తర్వాత గాని అది మొదలుకాదు. నెలలో రెండు శనివారాలు సోమందేపల్లి మీదుగా బస్సులో పెనుకొండ వైపు పోయి, పల్లెల్లో వృద్ధులను, రోగులను చూసి వస్తాను. డిప్లొమా చేతబట్టుకుని సేవలోకి వచ్చిన నాటినుంచి ఇదే నా తిరుగుడు.

2024 జూలైలో అలాంటి ఒక శనివారం ఒక తాతగారిని చూడబోయాను. ఆయన బేల్దారి మేస్త్రి. ఆ చుట్టుపక్కల ఎన్నో ఇండ్ల గోడలు ఆయన చేతిమీద లేచినవే. డెబ్బై అయిదు దాటిన వయసులో దవడకు క్యాన్సరు వచ్చింది. బెంగళూరులో ఆపరేషను అయ్యింది, కరెంటు పెట్టడం అయ్యింది. ఏడాది తిరక్కముందే మళ్లీ లేచింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పిల్లలు దూరాన ఉన్నారు. ఇంట్లో ఆయన, అవ్వ, ఒక ఆవు.

కాళ్లు కడుక్కుందామని ఇంటివెనక దొడ్లోకి వెళ్లాను. కరివేపాకు చెట్టుకూ బచ్చలి పందిరికీ మధ్య నడుమెత్తు మొక్క ఒకటి కనబడింది. ఆకు చూసి మొదట పుంటికూర అనుకున్నాను. గోగు ఆకుకూ దానికీ పోలిక ఉంది. ఆ పోలికనుబట్టే శాస్త్రజ్ఞులు గోగుకు "గంజాయివంటిది" అని అర్థమిచ్చే లాటిన్ పేరు పెట్టారని తర్వాత చదివాను. ఒక ఆకు తుంచి వాసన చూశాక నా అనుమానం తీరిపోయింది.

వెనకాలే అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. నా చేతిలోని ఆకు చూసింది.

"ఆయప్పకు అయ్యగారూ," అంది మెల్లగా. "రేత్రిపూట నొప్పికి నిద్దర పట్టదు. నాలుగాకులు పాలల్లో కాసి ఇస్తాండా. రవ్వంతసేపు కన్ను మూస్తాడు."

నేను "ఊఁ" అన్నాను. ఆకు కింద పడేసి చేతులు కడుక్కున్నాను. లోపలికి వచ్చి తాతగారి పక్కన కూర్చుని చాలాసేపు ప్రార్థన చేశాను. అవ్వ ఇచ్చిన కాఫీ తాగి, సాయంకాలం బస్సుకు హిందూపురం చేరుకున్నాను. ఆ మొక్కను గూర్చి ఒక్కమాట మాట్లాడలేదు. ఆ తర్వాత ఏడు నెలలపాటు, అంటే పదమూడు పద్నాలుగు సార్లు ఆ ఇంటికి వెళ్లి కూడా మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదని మీరు అడగవచ్చు. నా మనస్సుకు నేను మూడు కారణాలు చెప్పుకున్నాను. ఒకటి, చావుబతుకుల్లో ఉన్న మనిషి, నిద్రకోసం నాలుగాకులు తింటే ఎవరికి నష్టం? రెండు, ఒక్క మొక్క. ఎకరాలకెకరాలు పండించేవారిని పట్టుకోవాలిగాని ముసలివాళ్ల దొడ్డిలోకి ఎవరొస్తారు? మూడవది నాకు అన్నిటికంటె ఎక్కువ ధైర్యమిచ్చింది. చట్టం ఎటూ మారిపోతున్నది గదా!

ఆ మూడవ మాట ఎక్కడనుంచి వచ్చిందో చెబుతాను. ధర్మవరం కూడికకు వచ్చే ఒక యౌవనస్థుడు ఆ సెప్టెంబరులో వార్త తెచ్చాడు. హిమాచల్ ప్రదేశ్ శాసనసభ గంజాయి సాగును మందులకు, పరిశ్రమలకు అనుమతించే దిశగా తీర్మానించిందట. ఉత్తరాఖండ్ అయితే 2018లోనే మత్తు పదార్థం నామమాత్రంగా ఉండే జనపరకం సాగుకు లైసెన్సు ఇచ్చిందట. "ఇంకేం అయ్యగారూ, రేపో మాపో మనకూ వస్తుంది," అన్నాడు. క్రిస్మస్‌కు తాతగారి మనవడు కెనడానుంచి వీడియోలో మాట్లాడినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. టొరంటోలో తన ఇంటి పక్కవాళ్లు పెరట్లో నాలుగు మొక్కలు పెంచుకుంటున్నారని, పోలీసులు ఏమీ అనరని చెప్పాడు. అవ్వ నావైపు చూసింది. నేను తల ఊపాను.

ఆ తల ఊపడం నాకు జ్ఞాపకమొచ్చినప్పుడల్లా ఇప్పటికీ సిగ్గవుతుంది.

ఇంతలో మరోవైపు వేరే వార్తలు వస్తున్నాయి. విశాఖ మన్యంలో 2021లో పరివర్తన అనే పేరుతో పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికించడం, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర లక్షల కిలోల సరుకు కుప్పవేసి తగలబెట్టడం మీరు పత్రికల్లో చూసే ఉంటారు. 2024 చివర రాష్ట్ర ప్రభుత్వం ఈగల్ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసింది. డ్రోన్లు ఎగరవేసి కొండల్లో, చేలల్లో మొక్కలు వెదకడం మొదలైంది. ఆ సంక్రాంతి తర్వాత మా ప్రాంతంలోనే, కంది చేలో మొక్కలు దొరికాయని ఒక రైతును తీసుకుపోయారని బస్సులో విన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా కళ్ల ముందు అవ్వ కదలాడింది.

దానితోపాటు మా నాయన కూడా జ్ఞాపకమొచ్చాడు.

1995 జనవరిలో మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. దాన్ని తెచ్చిన ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు మా హిందూపురంనుంచి గెలిచినవారే. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమంవల్ల 1993లోనే సారా పోయింది, ఇప్పుడు తక్కినదీ పోయింది. మా అమ్మ ఆ దినం మందిరంలో సాక్ష్యం చెప్పి ఏడ్చింది. అయితే హిందూపురానికి కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం లేదు. గౌరీబిదనూరులో దుకాణాలు యథాప్రకారం తెరిచే ఉన్నాయి. సరిహద్దు రాయికి అవతల సరుకు, ఇవతల నేరం. నాకప్పుడు పదిహేనేండ్లు. బెల్లం మండీలో మా నాయనతోపాటు మూటలు మోసే ఒకాయన, కూతురి పెండ్లికి వచ్చే చుట్టాలకోసమని రెండు సీసాలు సంచిలో పెట్టుకుని వస్తూ బస్సులో దొరికిపోయాడు. ఆ పెండ్లి ఆగిపోయింది. 1997లో నిషేధం ఎత్తేశారు. అవే సీసాలు మా వీధి మొగదలలోనే అమ్మసాగారు.

"నాయనా, అప్పుడు తప్పయింది ఇప్పుడెట్ల తప్పు కాకపోయె?" అని అడిగాను.

మా నాయన చెప్పిన జవాబు నేను మరవలేదు. "సర్కారు వాళ్లకు అప్పుడొక చట్టం, ఇప్పుడొక చట్టం. నడాన దొరికినోడి గతి ఎవురూ అడగరప్పా."

నడుమ దొరికినవాడు! నేను చూసి ఊరుకున్న ఆ ముసలి దంపతులు సరిగా అదే చోట నిలబడి ఉన్నారని ఆ రాత్రి నాకు తోచింది. వారిని అక్కడ నిలబెట్టినదాంట్లో నా పాలు కూడా ఉంది.

మరునాడు కోర్టు దగ్గర ఉండే నా హైస్కూలు స్నేహితుడి దగ్గరకు పోయాను. అతడు లాయరు. ఊరి పేరు చెప్పకుండా సంగతి చెప్పాను. అతడు నవ్వలేదు. బీరువాలోనుంచి పుస్తకం తీశాడు. ఆ మధ్యాహ్నం నేను నేర్చుకున్నది మీకు కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మన దేశంలో గంజాయి అనాదిగా నేరం కాదు. ఇంగ్లీషువారి కాలంలో దీనిమీద 1893, 94 సంవత్సరాల్లో ఒక పెద్ద కమిషను విచారణ జరిపి, పూర్తిగా నిషేధించనవసరం లేదని, పన్నుతో అదుపులో ఉంచమని చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా లైసెన్సు దుకాణాల్లో అమ్మిన కాలం ఉంది. 1961లో కుదిరిన ప్రపంచ ఒడంబడికలో, గంజాయి వాడుకను మాన్పించుకోవడానికి పాతికేండ్లు గడువు పెట్టారు. ఆ గడువు ముగియవస్తుండగా మన పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టం చేసింది. అది 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. ఆనాటికి మన తాతగారికి ముప్పై అయిదు దాటాయి. అంటే ఆయన సగం జీవితం పాత చట్టం కింద, సగం జీవితం కొత్త చట్టం కింద గడిచింది. చట్టం మారిందని ఇంటికొచ్చి ఆయనకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

తిరకాసు ఎక్కడుందంటే, ఆ చట్టం గంజాయి అన్న మాటకు మొక్క పూతభాగమని, కాయభాగమని అర్థం చెప్పింది. పూత లేకుండా ఉత్త ఆకులు, విత్తులు ఉంటే అవి గంజాయి కింద రావు. ఉత్తర భారతంలో కొన్ని రాష్ట్రాలు భంగు దుకాణాలు నడిపించేది ఈ సందులోనే. "అయితే అవ్వ వాడేది ఆకే గదా!" అన్నాను ఆశగా.

"ఆకు సంగతి వేరు, మొక్క సంగతి వేరప్పా," అన్నాడు నా స్నేహితుడు. "అనుమతి లేకుండా మొక్క పెంచడమే నేరం. 20వ సెక్షను మొదటి భాగం చూడు. పదేండ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. మనిషి దగ్గర దొరికిన సరుకు కిలోలోపు ఉంటే కొద్దిపాటి కింద లెక్క, ఏడాదిలోపు శిక్షతో పోతుంది. పెంచడానికి ఆ తూకం లెక్క ఈ సెక్షనులో లేదు. ఒక మొక్కా, వంద మొక్కలా అని అది అడగదు. శిక్ష ఎంతనేది జడ్జి దయ."

ఇంకో వైపు కూడా చెప్పాడు. మొక్క కనబడినంత మాత్రాన పెంచినట్టు కాదని, విత్తు పడి తనంతట మొలిచి ఉండవచ్చు గనుక పెంచారని ప్రాసిక్యూషనువారే రుజువు చేయాలని ఉత్తరప్రదేశ్ కేసొకదానిలో సుప్రీంకోర్టు ఒకప్పుడు చెప్పిందట. "కానీ ఆ మాట తేలేది ఎప్పుడు? అరెస్టయి, బెయిలుకు తిరిగి, యేండ్లు గడిచాక. నీ తాతకు అన్ని యేండ్లు ఉన్నాయా?"

హిమాచల్ సంగతి అడిగాను. శాసనసభ తీర్మానం వేరు, నిబంధనలు వేరు అన్నాడు. ఆ 2025 జనవరిలోనే అక్కడి మంత్రివర్గం విశ్వవిద్యాలయాలచేత ప్రయోగాత్మకంగా సాగు చేయించి చూడడానికి ఒప్పుకున్నది. అది లైసెన్సు మీద, ప్రభుత్వ కన్ను కింద జరిగే పని. అవ్వ దొడ్లోని మొక్కకు దానితో సంబంధం లేదు. మన రాష్ట్రంలో అలాంటి నిర్ణయమేదీ లేదు.

కెనడా మాటా అంతే. 2018 అక్టోబరు 17 నుంచి ఆ దేశపు చట్టం ఇంటికి నాలుగు మొక్కలకు అనుమతిచ్చింది. అయినా క్యూబెక్ రాష్ట్రం మా దగ్గర ఇంట్లో మొక్క కుదరదన్నది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు క్యూబెక్ మాటనే నిలబెట్టింది. జర్మనీ 2024 ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి మూడు మొక్కలన్నది. థాయిలాండ్ 2022లో తలుపులు తెరిచి, 2025లో మళ్లీ డాక్టరు చీటీ కావాలని బిగించింది. మన తెలుగువారు వేలాదిగా ఉన్న న్యూజెర్సీలో 2022లో దుకాణాలు తెరిచారు గాని ఇంట్లో మొక్క పెంచడానికి అనుమతి ఇవ్వలేదు. అంతకంటె ముఖ్యం, రాష్ట్రం ఒప్పుకున్నా అమెరికా కేంద్ర చట్టం ఒప్పుకోలేదు. వీసాలమీద, గ్రీన్‌కార్డుమీద ఉన్నవారిని చూసేది ఆ కేంద్ర చట్టమే. పక్కింటి పౌరుడికి ఏమీ కాని పనికి మన పిల్లవాడు దేశం విడిచి రావలసిన ప్రమాదం ఉంది. పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులారా, ఈ ఒక్క సంగతి దయచేసి వారికి చెప్పండి.

చివరకు నా స్నేహితుణ్ణి, "ఇప్పుడేం చేయాలి?" అని అడిగాను.

"భూమి ఎవరి పేర ఉందో వాళ్లకు తమ నేలలో ఇలాంటి మొక్క ఉన్నట్టు తెలిస్తే వెంటనే అధికారులకు చెప్పాలని 46వ సెక్షను. తెలిసి చెప్పకపోతే అదీ నేరమే. లాయరుగా నేను ఇంకో దారి చెప్పకూడదు. నేనే వస్తా. తాత ఆసుపత్రి కాగితాలు పట్టుకుని సోమవారం స్టేషనుకు పోయి ఉన్నదున్నట్టు చెబుదాం," అన్నాడు.

"మరి నేను? చూసి ఊరుకున్నాను గదా?"

అతడు పేజీ తిప్పి చూశాడు. "భూమిగలవాళ్లు, ఊరి అధికారులు అని ఉంది. ఉత్త బాటసారిమీద ఈ సెక్షను బాధ్యత పెట్టలేదు. నీకు భయంలేదు పో."

చట్టం నన్ను విడిచిపెట్టింది గాని నాకు ఊరట కలగలేదు. ఖడ్గం రావడం చూసి బాకా ఊదని కావలివాణ్ణి గూర్చి యెహెజ్కేలు గ్రంథంనుంచి ఎన్నిసార్లు ప్రసంగించానో! ఆ కావలివాడు నిద్రపోయి ఉంటాడని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. మెలకువగా ఉండి, బాగా చూసి, తన చేతికేమీ అంటకుండా ఉంటే చాలుననుకునే కావలివాడు కూడా ఉంటాడని ఆ దినమే తెలిసింది.

ఆ శనివారం పెనుకొండ బస్సు చాలా నిదానంగా పోయినట్టనిపించింది. కియా కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన పిల్లలు బస్సునిండా నిలబడి ఉన్నారు. ఏ మాటతో మొదలుపెట్టాలా అని దారిపొడుగునా కూడబలుక్కున్నాను. తాతగారు నులకమంచంమీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. దవడకు గుడ్డ కట్టి ఉంది. నేను కూర్చుని, ఏమీ దాచకుండా అంతా చెప్పాను. మొదటి దినమే చూశానన్నాను. చట్టం ఇదని, శిక్ష ఇదని, సోమవారం లాయరు వస్తాడని చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకు మాట్లాడడమే కష్టం. తర్వాత ఒక్కొక్క మాట కూడగట్టుకుని అన్నారు:

"మా కాలంలో ఎద్దుకు కడుపుబ్బితే ఈ ఆకు పెడతాంటిమి. ఎవురూ ఏమనల్యా. ఇప్పుడు జైలని నాకు తెల్దు. మీరు జూలైలో చూస్తిరి కదా అయ్యగారూ. ఆపొద్దే చెప్పింటే ఆపొద్దే పీకేసింటిని. మీరు చూసి ఏమీ అనకపోతిరి. అయ్యగారే ఏమీ అనలేదు, ఇంక భయమేంది అని ఇద్దరమూ ధైర్యంగా ఉంటిమి."

చదువరులారా, ఎవరైనా నన్ను కొట్టినా అంత నొప్పి కలిగి ఉండేది కాదు. నేను ఊరుకోవడం దయ అనుకున్నాను. వారు దాన్ని అనుమతి అనుకున్నారు. పల్లెలో పాస్టరు గాని, పంతులుగారు గాని, డాక్టరు గాని చూసి మాట్లాడకపోతే అది కూడా ఒక మాటే అవుతుంది. మనం నోరు విప్పకపోయినా వారు మన ముఖం చదువుకుంటారు.

సోమవారం దాకా ఆయన ఆగలేదు. ఆ సాయంకాలమే అవ్వ భుజం పట్టుకుని దొడ్లోకి నడిచి, తన చేతులతోనే మొక్కను వేళ్లతో సహా పీకి, నీళ్లపొయ్యిలో పెట్టేశారు. నేను వద్దనే లోగా అయిపోయింది. చట్టం చెప్పిన దారి అది కాదు. అధికారులకు తెలిపి, వారిచేత తీయించడమే చట్టం చెప్పిన పద్ధతి. నేను దాన్ని మీకు మాదిరిగా చూపడంలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా స్నేహితుడు ఫోనులో విని నిట్టూర్చాడు. "సరే. ఇప్పుడు నీ తాత రాత్రి ఎట్ల నిద్రపోతాడు? అది ఆలోచించినావా?" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆలోచించలేదు. ఏడు నెలలూ ఆ మొక్కను గూర్చే ఆలోచించాను గాని ఆయన నొప్పిని గూర్చి ఆలోచించలేదు. ఆ ఆకే దిక్కని అవ్వ నమ్మింది. నేనూ అడగకుండా నమ్మాను. అవ్వ ఆ మూడు రాత్రులు ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మంగళవారం కారు మాట్లాడుకుని బెంగళూరులోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడ రోగం కుదర్చలేని స్థితిలో ఉన్నవారికి నొప్పి తగ్గించడానికే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. ఒక డాక్టరమ్మ చాలా ఓపికగా చూసింది. అవ్వ భయపడుతూనే ఆకు సంగతి చెప్పేసింది. ఆమె కసరుకోలేదు. ఆ మొక్కలోని పదార్థాలతో చేసిన కొన్ని మందులను క్యాన్సరు మందులవల్ల వచ్చే వాంతులకు, కొన్ని రకాల మూర్ఛలకు కొన్ని దేశాల్లో డాక్టర్లు వాడుతున్నారని, అయితే పాలల్లో కాచిన ఆకులో ఎంత మందు ఉందో ఎవరికీ తెలియదని, ఇలాంటి ఎముక నొప్పికి అది చాలదని చెప్పింది. మార్ఫిన్ మాత్రలు రాసింది.

ఇక్కడే నేను ఇంకొక సంగతి తెలుసుకున్నాను. మార్ఫిన్ కూడా అదే 1985 చట్టం కిందికి వచ్చేదే. ఆ చట్టం భయంవల్ల చాలా యేండ్లు మన దేశంలో ఆసుపత్రులు దాన్ని నిలవ ఉంచుకోవడానికే జంకాయి. నాలుగైదు లైసెన్సులు కావలసివచ్చేవి. మరణవేదన పడేవారు మూలుగుతూ పోయేవారు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్‌వంటి అవసరమైన మందులను సులభంగా ఉంచుకుని రోగులకు ఇచ్చేటట్టు వీలు కల్పించింది. అంటే పదేండ్ల కిందటే మా తాతగారికి చట్టం ఒక తలుపు తెరిచి పెట్టింది. అది తెలియక ఆయన మూసిన తలుపు దగ్గర కూర్చున్నారు. రేపు రాబోయే చట్టం మీద ఆశపెట్టుకున్న మేము, వచ్చి ఉన్న చట్టాన్ని చూడలేదు.

ఆ మాత్రలతో సుఖం ఊరికే రాలేదు. మలబద్ధకం బాధించింది. మొదటివారం మగతగా ఉండేవారు. మందుకోసం నెలకు రెండుసార్లు ఎవరో ఒకరు బెంగళూరు వెళ్లవలసివచ్చింది. ధర్మవరం కూడికలోని యౌవనస్థులు వంతులు వేసుకున్నారు. హిమాచల్ వార్త తెచ్చిన ఆ అబ్బాయే అందరికంటె ఎక్కువసార్లు వెళ్లాడు. కాని తాతగారు రాత్రులు నిద్రపోయారు. వేసవిలో ఒకనాడు మంచం బయట వేయించుకుని, పక్కింటివారు కడుతున్న గోడకు తాపీపనివాడు గుండు సరిగా వేయలేదని చేతితో సైగచేసి కసిరారు. అవ్వ నవ్వడం చాలా నెలల తర్వాత అప్పుడే చూశాను.

2025 నవంబరులో ఆయన ప్రభువునందు నిద్రించారు. పోలీసులు రాలేదు, కేసు కాలేదు, మనవడి ఉద్యోగానికి మచ్చ రాలేదు. ఇది మా తెలివివల్ల జరిగిందని నేను చెప్పలేను. ఆ డ్రోను ఒక వారం ముందు ఆ పల్లెమీద ఎగిరి ఉంటే ఈ వ్యాసం వేరే విధంగా ముగిసేది.

చట్టం రేపు మారుతుందో లేదో నాకు తెలియదు. ఎట్లా మారాలో పెద్దలు ఆలోచిస్తారు. మారినా ఒక రోజున మారుతుంది. ఆ రోజుకు ముందు దినం దాకా పాతదే చట్టం. ఆ నడిమి దినాల్లో లాయర్లున్నవారికి ఏమీ కాదు. పెనుకొండ పల్లెలో అవ్వకు అవుతుంది. కాబట్టి ఈ పత్రిక చదివేవారిని నేను కొన్ని సంగతులు బతిమాలుకుంటున్నాను.

మీ ఇంట్లో గాని, మీ సంఘంలో గాని నాటుమందు పేరుతో ఈ మొక్క ఉంటే, "కెనడాలో ఉందట, హిమాచల్‌లో వచ్చిందట" అనే మాటలమీద నిద్రపోకండి. తెలిసిన లాయరును అడగండి. దీనికి అలవాటుపడినవారు ఇంట్లో ఉంటే దాచిపెట్టి కుమిలిపోకండి. కొద్దిపాటి సరుకుతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట చికిత్సకు ముందుకు వస్తే అతణ్ణి ప్రాసిక్యూషను నుంచి తప్పించే వీలు అదే చట్టంలో 64ఎ సెక్షనులో ఉంది. వ్యసన విముక్తి సలహాకోసం 14446 అనే నంబరు ఉంది. పైసా ఖర్చు లేదు. మీ ఇంట రోగి నొప్పితో ఉంటే, నొప్పి తగ్గించే విభాగం ఏ ఆసుపత్రిలో ఉందో డాక్టరును విడువకుండా అడగండి. నొప్పి భరించడమే భక్తి అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

ఇక నావలె పదిమంది ముఖం చూసే స్థానంలో ఉన్నవారికి ఒక మాట. మీరు ఏదైనా చూసి ఊరుకున్న సంగతి ఉందా? దయతోనే ఊరుకుని ఉండవచ్చు. అయినా వెళ్లి చెప్పండి. పక్కన కూర్చుని, మెల్లగా, పూర్తిగా చెప్పండి. చెప్పిన తర్వాత లేచి రాకుండా, ఇక రాత్రి ఎలా గడుస్తుందని కూడా అడగండి. నేను ఆ రెండవది నేర్చుకోవడానికి నా స్నేహితుడు గుర్తుచేయవలసివచ్చింది.

పోయిన నెల ఆ ఇంటికి వెళ్లాను. కరివేపాకు చెట్టు పక్కన అవ్వ నిజంగానే పుంటికూర వేసింది. వచ్చేటప్పుడు ఒక కట్ట నా సంచిలో పెట్టి, "వాసన చూసుకోండి అయ్యగారూ, ఇది కూరే," అంది. ఇద్దరమూ నవ్వుకున్నాము. బస్సు ఎక్కిన తర్వాత మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ ఏడు నెలలు జ్ఞాపకమొచ్చాయి.